పికో ఆంపియర్‌ను పట్టిన గాజు మొన

జీవకణం చుట్టూ ఉండే త్వచం మందం సుమారు 5 నానోమీటర్లు. రెండు వరసల కొవ్వు అణువులతో కట్టిన ఆ పొరలోంచి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ నేరుగా దూరిపోతాయి. విద్యుదావేశం ఉన్న సోడియం, పొటాషియం అయాన్లను మాత్రం కొవ్వు రానివ్వదు. అయినా నాడిలో సంకేతం పరుగెత్తినా, కండరం బిగిసినా అటూ ఇటూ కదిలేవి ఈ అయాన్లే. ఏ దారిన వెళ్తున్నాయి?

1952లో బ్రిటన్ శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ లావుపాటి నాడీతంతువులో ఈ ప్రవాహాలను కొలిచి, గణితంలో పెట్టి చూపారు. అయితే వాళ్ళకు అందింది లెక్కలేనన్ని దారుల ఉమ్మడి ప్రవాహం. ఒక్కో దారి ఎలా తెరుచుకుంటుందో తెలియాలంటే దాన్ని విడిగా పట్టుకోవాలి. అందులో పారే కరెంటు కొన్ని పికో ఆంపియర్లే. పికో అంటే లక్ష కోట్లలో ఒక వంతు. పరికరంలో పుట్టే రొద అంతకు ఎన్నో రెట్లు. జాతర హోరులో చీమ నడక వినాలనుకోవడం లాంటి పని అది.

జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నేయర్, బెర్ట్ సాక్‌మన్ ఆ పనికి పూనుకున్నారు. కణం మొత్తాన్ని కాకుండా త్వచంలో ఓ చిన్న ముక్కనే విడదీసి కొలిస్తే రొద తగ్గుతుందన్నది వాళ్ళ ఆలోచన. గాజు గొట్టాన్ని వేడిచేసి సాగదీశారు. కొన్ని మైక్రాన్ల వెడల్పున్న ఆ మొనను మళ్ళీ వేడి చూపించి నునుపు చేశారు. దాన్ని ఆనించడానికి నరం తెంచిన కప్ప కండరాన్ని ఎంచుకున్నారు. నరం తెగితే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలనే అయాన్ దారులు కండరపు పోగు పొడవునా పరుచుకుంటాయి, ఎక్కడ ఆనించినా దొరుకుతాయి. పోగు మీది పీచునూ జిగటనూ ఎంజైములతో కడిగేశారు. 1976లో అచ్చయిన వాళ్ళ రేఖాచిత్రంలో కరెంటు మెట్టులా ఒక్కసారిగా లేస్తుంది, కాసేపు నిలుస్తుంది, ఒక్కసారిగా పడిపోతుంది. దారిగా పనిచేసే ఒకే ఒక్క ప్రోటీన్ అణువు తెరుచుకుని మూసుకోవడాన్ని ఆ గీతలో కళ్ళారా చూడవచ్చు.

కానీ గాజుకూ త్వచానికీ మధ్య సందులోంచి కరెంటు కారిపోతూనే ఉంది. 1980లో నేయర్ అప్పుడే చేసిన శుభ్రమైన గాజు మొన ఆనించి, వెనకనుంచి కాస్త గాలి పీల్చాడు. అంతే, త్వచం గాజుకు అతుక్కుపోయింది. మెగా ఓముల్లో ఉన్న నిరోధం గిగా ఓములకు ఎగబాకింది. నా దృష్టిలో ఈ పద్ధతి నిజంగా పుట్టింది ఆ రోజే. ఆ అతుకు ఎంత గట్టిదంటే, మొనను వెనక్కి లాగితే త్వచం ముక్క దానితోపాటే ఊడివచ్చేది. ఇంకాస్త గట్టిగా పీలిస్తే ముక్క చిరిగి కణం లోపలికే దారి దొరికేది. ఈ పద్ధతులన్నిటినీ నేయర్, సాక్‌మన్ తమ సహచరులు హామిల్, మార్టీ, సిగ్‌వర్త్‌లతో కలిసి 1981లో ప్రకటించారు. ఒకసారి వాడిన మొనను మళ్ళీ వాడకూడదన్నది అందులో ముఖ్యమైన జాగ్రత్త.

ఒక్క పికో ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 లక్షల సోడియం అయాన్లు దాటినట్టు. అంత వేగం విడివిడి రంధ్రాలకే సాధ్యమని ఈ కొలతలు తేల్చాయి. నేయర్, సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ వచ్చింది. ఈ పద్ధతి మందుల పరీక్షకూ పనికొస్తోంది. కొన్ని మందులు గుండె కణాల్లోని ఒక పొటాషియం దారిని మూసేసి లయ తప్పిస్తాయి, ప్రాణం మీదికి తెస్తాయి. ఇప్పుడు కొత్త మందు మనిషి దాకా రాకముందే ఈ పద్ధతితో ఆ దారి మీద పరీక్షిస్తారు. గాజు గొట్టం బదులు సన్నని రంధ్రాలున్న చిప్పుల మీద వందలాది కణాలను ఒకేసారి కొలిచే యంత్రాలు కూడా వచ్చాయి.