నగరం నడుమ నదిలో పడవ: అపోహలు – వాస్తవాలు

అపోహ: రాయలసీమకూ పడవ ప్రయాణానికీ సంబంధం లేదు.

రాయలసీమలోని మంగంపేట ముగ్గురాయి గనుల చుట్టుపక్కల ఏరులు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి ఉంటాయి. చెయ్యేరు నదిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ రోజులు కనిపిస్తుంది. అందుకే ఈ మాట ఎవరికైనా నిజమనిపిస్తుంది. కానీ పాత కడప జిల్లాకు పడవలు రావాలన్న ఆలోచనతో తవ్విన కాలువ ఒకటి ఇప్పటికీ పారుతోంది. అదే కర్నూలు–కడప కాలువ, జనం నోట కేసీ కెనాల్. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో పని మొదలుపెట్టి, 1871 నాటికి తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సుమారు 306 కిలోమీటర్ల కాలువను పూర్తి చేసింది. సాగునీరు, సరుకు రవాణా రెండూ దాని లక్ష్యాలే. కర్నూలు ఊళ్ళో ఈ కాలువ అక్విడక్టు ఎక్కి హంద్రీ నదిని దాటుతుంది. అంటే ఒక నది నీటిలో తేలుతూ మరో నది మీదుగా పడవ పోగల ఏర్పాటు ఈ ఊరికి నూట యాభై ఏళ్ళ కిందటే అమరింది. ఆర్థర్ కాటన్ ఆలోచనలో ఈ జలమార్గం నెల్లూరు తీరం దాకా సాగాలి. అంతదూరం అది పోలేదు. రవాణా ఆశించినంత సాగలేదు, కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. కాలువ ఇప్పుడు పొలాలకే మిగిలింది. ఈ ప్రాంతాన్ని నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం రేవుకు దగ్గర చేసిన దారి చివరికి 2019లో, ఓబులవారిపల్లె–వెంకటాచలం రైలుమార్గం రూపంలో వచ్చింది.

అపోహ: వాలుకు పోవడం తేలిక, ఏటికి ఎదురు పోవడమే కష్టం.

తెడ్డు వేసేవాడి రెక్కల కష్టం వరకు ఇది నిజం. ఇంజను పడవను నగరంలో నడిపే సరంగుకు మాత్రం లెక్క తిరగబడుతుంది. ప్రవాహం గంటకు 6 కిలోమీటర్లు, పడవ సొంత వేగం 8 కిలోమీటర్లు అనుకుంటే, ఎదురు పోయేటప్పుడు ఒడ్డు నుంచి చూసేవారికి అది గంటకు 2 కిలోమీటర్లే కదులుతుంది. వాలుకు పోతే 14. నూట నలభై మీటర్ల దూరంలో వంతెన స్తంభం కనిపించిందంటే, ఎదురు పోయే సరంగుకు ఆలోచించుకోవడానికి నాలుగు నిమిషాలకు పైగా ఉంది. వాలుకు పోయేవాడికి 36 సెకన్లు.

చుక్కాని సంగతి కూడా తెలియాలి. దాని మీదుగా నీళ్ళు ఒరుసుకుంటూ పోతేనే అది పడవను తిప్పగలదు. భయపడి ఇంజను బాగా తగ్గించేస్తే పడవ నీటితో సమానంగా కొట్టుకుపోతుంది, చుక్కానికి పట్టు దొరకదు. నిదానంగా పోతే క్షేమమనే రోడ్డు అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. వాలుకు వచ్చే పడవకు ఆగే శక్తి తక్కువ కనుకనే, ఇరుకు చోట్ల దానికి దారి ఇవ్వాలన్న కట్టుబాటు చాలా దేశాల నదుల్లో ఉంది.

వంతెనల దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. స్తంభాలు నది వెడల్పును తగ్గిస్తాయి కనుక వాటి మధ్య నీరు వడి అందుకుంటుంది, వాటి వెనుక సుడులు తిరుగుతుంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1900 నాటి హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు–రైలు వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన ఉన్నాయి. ఏ ఖానా కింద లోతు ఉందో, ఎక్కడ ఇసుక మేట వేసిందో ఏటా మారుతుంది. వంతెన దగ్గర మరో నౌకను దాటబోవడం ఎంత ప్రమాదమో 2019 మే 29 రాత్రి బుడాపెస్టులో తెలిసింది. అక్కడి డాన్యూబ్ నది నిండుగా ఉంది, వాన కురుస్తోంది. మార్గరెట్ వంతెన దగ్గర వెనుక నుంచి వచ్చిన పెద్ద విహారనౌక తగిలి, 35 మందితో ఉన్న చిన్న పడవ సెకన్లలో మునిగింది. 28 మంది చనిపోయారు.

అపోహ: నది నిండుగా ఉంటే పడవకు మంచిది.

లోతు పెరిగే మాట నిజం. దాంతోపాటు వంతెన కింద ఎత్తు తగ్గుతుంది, వడి పెరుగుతుంది, చెట్లూ చెత్తా కొట్టుకొస్తాయి. విజయవాడలో విహార పడవలు తిరిగే నిశ్చల జలం ప్రకాశం బ్యారేజీ నిలబెట్టిన నీరు. బ్యారేజీకి ఉన్న 70 గేట్లు ఎత్తితే అక్కడ నిశ్చలత ఉండదు. వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009 అక్టోబరు వరదను కూడా అది మించింది. కట్లు తెగిన పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొన్నాయి, గేట్ల బరువును తూచే కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. నడిపేవారు లేని పడవ కూడా నగరానికి ముప్పేనని అప్పుడు తేలింది. రేవులో పడవను కట్టడం కూడా ఒక విద్య. తాడు మరీ బిగువైతే పెరిగే నీరు పడవను పైకి లేపలేదు, ఒక పక్కకు లాగి ముంచుతుంది. మరీ వదులైతే పడవ ప్రవాహానికి అడ్డం తిరుగుతుంది.

నీరు ఎంత ఉన్నా అడుగున ఏముందో పైనుంచి కనిపించదు. శ్రీశైలం వెనుక జలాల్లో సంగమేశ్వరాలయం ఏడాదిలో చాలాకాలం నీటి కిందే ఉంటుంది, మట్టం తగ్గాకే బయటపడుతుంది. ఆ మధ్యకాలంలో, శిఖరం మీద కొద్దిపాటి నీరే ఉన్నప్పుడు, ఆ దారిన పోయే పడవకు అది పెద్ద బండతో సమానం.

అపోహ: పటంలో జలమార్గం ఉంటే పడవ పోగలదు.

కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదులను కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఒకప్పుడు విజయవాడ నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసు దాకా సరుకు పడవలు నడిచాయి. అవి నడిచింది లాకుల వల్ల. ముందు ఒక తలుపు తెరిచి పడవను గదిలోకి తెస్తారు, ఆ తలుపు మూసి గదిలో నీటిమట్టం అవతలి నీటితో సమానం చేస్తారు, అప్పుడు రెండో తలుపు తెరుస్తారు. ఈ పని చేసే లస్కర్లు, పూడిక తీసే కూలీలు లేకపోతే కాలువ ఎన్ని కిలోమీటర్లున్నా పడవకు పనికిరాదు. చెన్నైలోనైతే బకింగ్‌హామ్ కాలువ గర్భంలోనే ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు లేచాయి.

అపోహ: ఈత వస్తే లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో, పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ తిరగబడి 20 మందికి పైగా మరణించారు. అది వరద రోజు కాదు. పైకప్పున్న పడవ బోల్తా పడితే లోపలివారు కిందే చిక్కుకుంటారు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే ఈత అక్కరకు రాదు. అందుకే జాకెట్‌ను పక్కన పెట్టుకోవడం కాదు, ఎక్కకముందే తొడుక్కుని పట్టీలు బిగించాలి. పై అంతస్తులో జనం పెరిగితే పడవ బరువు పైకి చేరుతుంది. ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు పోతే ఒరగడానికి ఇంకేమీ అవసరం లేదు.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఇంజను పడవకు సర్వే పత్రం, రిజిస్ట్రేషను, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతా చెల్లుతుంది. ఎంతమందిని ఎక్కించవచ్చో సర్వే తేల్చాలి. టికెట్లు అమ్మేవారు తేల్చేది కాదు.