మీకు తెలుసా? 60కి 60 కలిస్తే 63!
ధ్వనిమాపకం తన మైక్రోఫోనుపై పడే గాలి పీడనంలోని హెచ్చుతగ్గులను విద్యుత్ సంకేతంగా మార్చి, డెసిబెల్ అనే లాగరిథమిక్ ప్రమాణంలో చూపుతుంది. అందువల్ల 60 డెసిబెళ్ల శబ్దం చేసే యంత్రం పక్కనే అటువంటిదే మరొకటి నడిపితే, ధ్వనిశక్తి రెట్టింపైనా, తెరపై కనిపించేది 120 కాదు, 63 మాత్రమే. మానవుని చెవి మంద్రధ్వనులను, అనగా తక్కువ పౌనఃపున్యం గలవాటిని, అంతగా గ్రహించదు కనుక, వాటి విలువను ఆ మేరకు తగ్గించి లెక్కించే పద్ధతిని ‘ఎ-భారితం’ అంటారు. 1933లో శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ ప్రచురించిన సమశ్రవణ రేఖలు, అనగా వేర్వేరు పౌనఃపున్యాల ధ్వనులు చెవికి సమానంగా వినిపించే స్థాయిలను చూపే రేఖలు, దీనికి ఆధారం. భారతదేశపు శబ్దకాలుష్య నియమాలు (2000) నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లుగా నిర్ణయించిన పరిమితి ఈ కొలతలోనిదే. అయితే ఊరేగింపుల్లో గుండెలదిరేలా మోగే డీజే పెట్టెల దడను ఇది తక్కువ చేసి చూపుతుంది. దానికి మంద్రధ్వనులను దాదాపు తగ్గించని ‘సి-భారితం’ తగినది.