‘కార్బ్యురేటర్ కడిగితే చాలు’ అన్నాడు!

నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. అనుమానం రావాల్సింది అక్కడే. రాలేదు.

అమెరికాలోని మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి గంటన్నర దూరంలో ఓ పల్లెటూరి ఇల్లు. పెరట్లో ఏటీవీ. గోవా బీచ్‌లో అద్దెకిచ్చే క్వాడ్ బైకులు చూసే ఉంటారు... నాలుగు లావుపాటి చక్రాలు, బైక్ హ్యాండిల్... అదే. కాకపోతే ఇది అడవి దారుల్లో, ఇసుక దిబ్బల మీద తిరిగే 400 సీసీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి. వయసు దాదాపు ఇరవై ఏళ్లు.

“అప్పుడప్పుడూ ఆగిపోతుంది. కార్బ్యురేటర్ కడిగితే చాలు” అన్నాడు ఓనర్. సెల్ఫ్ కొట్టాడు. డుగుడుగుమంటూ స్టార్టయింది. 1,200 డాలర్లు చేతిలో పెట్టేశాను.

అవి డిసెంబర్‌లో ఇంటికెళ్లడానికి టికెట్ కోసం దాచిన డబ్బులు. బాగా నడిచే బండయితే 2,200 దాకా పలుకుతుంది. శుభ్రం చేసి, నాలుగు రైడ్లు కొట్టి, అమ్మేసి, ఆ లాభంతో కలిపి టికెట్ కొంటా... ఇదీ నా లెక్క. ఫ్రెండ్ పికప్‌లో బండి ఎక్కించుకుని వస్తుంటే దారంతా నాదే ఉపన్యాసం.

మర్నాడు పొద్దున చలికి ఇంజిన్ చల్లబడిపోయింది. ఇరవై నిమిషాలు సెల్ఫ్ కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి దగ్గుతూ లేచింది. వెంటనే సైలెన్సర్ నుంచి నీలం పొగ. గ్యారేజీ మొత్తం నిండిపోయింది.

పది మార్కుల ఇంజిన్

నేను చదివింది బీటెక్ మెకానికల్. చేసేది సాఫ్ట్‌వేర్. మనలో చాలామంది కథే! ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. కానీ స్పానర్ పట్టి ఓ ఇంజిన్ విప్పింది ఎప్పుడూ లేదు.

అందుకే తెలిసిన పనే చేశాను. ఆన్‌లైన్‌లో ఆర్డర్లు. కొత్త స్పార్క్ ప్లగ్, కొత్త బ్యాటరీ, కార్బ్యురేటర్ కిట్. 180 డాలర్లు. కార్బ్యురేటర్ విప్పితే లోపల జిగట కనిపించింది. ఇక్కడి పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే పెట్రోల్ పాడై సన్నటి జెట్లు మూసుకుపోతాయి. దొరికింది దొంగ అనుకున్నా. కడిగి బిగించా. అదే మొరాయింపు, అదే పొగ.

ఆఫీసులో ఎవరైనా లాగ్స్ చూడకుండా కోడ్ మారుస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడ నేను చేస్తున్నది సరిగ్గా అదే.

గాలి చెప్పింది

అప్పుడు కొలవడం మొదలుపెట్టా. ఇక్కడ ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల డిపాజిట్ కడితే పనిముట్లు వాడుకోవడానికి ఇస్తారు. తిరిగిచ్చేస్తే డబ్బులు వెనక్కి. అలా కంప్రెషన్ గేజ్ తెచ్చా. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొట్టాలి. ముల్లు 70 దగ్గర ఆగింది. మాన్యువల్ ప్రకారం అందుకు రెట్టింపు ఉండాలి.

ఒక జాగ్రత్త. కొన్ని ఏటీవీల్లో ఇంజిన్ తేలిగ్గా తిరగడానికి స్టార్టింగ్‌లో కొంత ఒత్తిడి వదిలేసే ఏర్పాటు ఉంటుంది. అలాంటివి బాగున్నా గేజ్ తక్కువే చూపిస్తుంది. కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లోని అంకెతోనే పోల్చాలి.

తర్వాత అదే రంధ్రంలో ఓ చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశా. 110! ఆయిల్ కాసేపు సందులు మూసింది కాబట్టి ఒత్తిడి పెరిగింది. అంటే తేడా పిస్టన్ రింగుల దగ్గరే.

రూఢి చేసుకోవడానికి ఆఫీసులో సీనియర్ దగ్గర ఎయిర్ కంప్రెసర్ అడిగి తెచ్చా. పిస్టన్ పైకి వచ్చి, వాల్వులు రెండూ మూసుకున్న చోట ఆపి సిలిండర్‌లోకి గాలి పంపాలి. చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో శబ్దం వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ కారుతున్నట్టు. కార్బ్యురేటర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వ్. నాకు ఆయిల్ పోసే మూత దగ్గర ‘స్స్స్’ మని వినిపించింది. రింగులు దాటి గాలి కిందికి పోతోంది. మన ఊళ్లో మెకానిక్ అయితే పొగ చూసే చెప్పేవాడు... “ఇంజిన్ బోరుకొచ్చింది బాబూ” అని.

ఆ నాలుగు లైన్లు

ఆ రాత్రి మా రూమ్మేట్ ఓ సలహా ఇచ్చాడు. “మామా, ఎందుకీ గొడవ! కాస్త వేడి చేసి ఉంచు. ‘కార్బ్యురేటర్ కడిగితే చాలు’ అని యాడ్ పెట్టు. ఎవడో ఒకడు వస్తాడు.”

సరదాగానే అన్నాడు. నేను మాత్రం సీరియస్‌గా ఫోన్ తీశా. ఫొటోలు పెట్టా. నాలుగు లైన్లు టైప్ చేశా. చదువుకుంటే అచ్చం ఆ ఓనర్ మాటలే! వచ్చేవాడు కూడా నాలాగే టికెట్ డబ్బులు తెస్తాడేమో. డిలీట్ చేసేశా. మర్నాడు అమ్మకు ఫోన్ చేసి సంక్రాంతికి రాలేనని చెప్పా. “బండి కొన్నావుగా, దాని మీద రారా” అంది. నవ్వింది కానీ, ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు.

అసలు దొంగ

సిలిండర్ ఊడదీస్తే లోపల గోడల మీద నిలువు గీతలు. వేలికి తగులుతున్నాయి. ఎందుకలా? ఎయిర్ ఫిల్టర్ చూస్తే అర్థమైంది. స్పాంజ్ ఎండి చిరిగిపోయింది. దాని వెనకున్న గొట్టంలో సన్నటి మట్టి. ఏళ్ల తరబడి ఆ దుమ్ము ఇంజిన్‌లోకి వెళ్లి ఉప్పు కాగితంలా రుద్దేసింది. కొద్ది డాలర్ల స్పాంజ్ పట్టించుకోనందుకు ఇంజిన్ పోయింది. ఫిల్టర్ మార్చకుండా రింగులేస్తే అవీ అలాగే అరిగిపోయేవి.

0.5 మి.మీ. పెద్ద సైజు పిస్టన్ తెప్పించి, మెషీన్ షాపులో దాని కొలతకు సిలిండర్ బోర్ చేయించా. రింగుల మీది గుర్తు పైకే ఉండాలి. వాటి ఖాళీలు ఒకే వరుసలోకి రాకూడదు. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన బిగువుకే టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఒక సర్క్లిప్ ఎగిరిపోతే రెండు గంటలు గ్యారేజీ నేలంతా పాకుతూ వెతికా. శని, ఆదివారాలు కలిపి మూడు నెలలు పట్టింది. పార్టులు, బోరింగ్, పనిముట్లు... మరో 640 డాలర్లు. మొత్తం 2,020!

ఫిబ్రవరిలో ఓ ఆదివారం సెల్ఫ్ కొట్టా. మూడో ప్రయత్నానికి లేచింది. పొగ లేదు. ఏప్రిల్‌లో సిల్వర్ లేక్ ఇసుక దిబ్బల దగ్గరికి తీసుకెళ్లాం. హెల్మెట్, బండికి ఎత్తైన జెండా అక్కడ తప్పనిసరి. కొత్త పిస్టన్ కదా, ఫుల్ థ్రాటిల్ ఇవ్వకుండా మెల్లగా దిబ్బ ఎక్కించా. పైనుంచి చూస్తే సముద్రంలాంటి మిషిగన్ సరస్సు.

కొనే ముందు...

• “నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి.
• నీలం పొగ అంటే ఆయిల్ కాలుతున్నట్టు. నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువవుతున్నట్టు. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టు.
• ఎయిర్ ఫిల్టర్ మూత తీయించండి. ఓనర్ బండిని ఎలా చూసుకున్నాడో అదే చెబుతుంది.
• చాసిస్ నంబరు, కాగితాల మీది నంబరు ఒకటేనా చూడండి.
• కంప్రెషన్ కొలవనివ్వనంటే వచ్చేయండి.

బండి ఇంకా నా దగ్గరే ఉంది. ఎప్పుడో ఓ రోజు అమ్ముతాను. సీటు కింద ఓ టేపు ముక్క అంటించా. ముందు 70, బోర్ చేయించాక 145, పక్కన తేదీలు. కొనడానికి వచ్చినవాళ్లకు మొదట సీటే ఎత్తి చూపిస్తా. ఇంజిన్ మాత్రం చల్లగానే ఉంచుతా.