పోటీవేళ మనస్సును కొలుచు తెర

విశాఖపట్నమున పూర్ణా మార్కెట్టుకు ఉదయమే వెళ్ళువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. కూరల దుకాణము ముందు నలుగురు ఒక్కసారిగా నిలిచి "ముందు నాకు" అని తొందరపెట్టుదురు. అంతవరకు నోటిలెక్కలో తడబడని కుఱ్ఱవాడు ఆ క్షణమున చిల్లర తప్పుగా ఇచ్చును. వానికి లెక్క రాక కాదు. నలుగురి చూపులు తనపై నున్నవను తలంపు వాని దృష్టిని చెదరగొట్టినది.

క్రీడాకారులకును ఇదే పరీక్ష. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలుచుకొనిరి. బంగారు పతకమునకును దానికిని అంతరము రెండున్నర కిలోలు మాత్రమే. అంత సన్నని అంచున కండబలముతో పాటు మనోనిబ్బరమును లెక్కకు వచ్చును. ఆ నిబ్బరమును అభ్యాసముచే పెంపొందింపవచ్చునా? పెంపొందినదని ఎట్లు తెలియును?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు బ్రిటనులో ఆచార్య ఆండ్రూ లేన్ ప్రభృతులు బి.బి.సి. వారితో కలిసి అంతర్జాలముపై ఒక పెద్ద ప్రయోగము చేసి, 2016లో ఫలితములు ప్రకటించిరి. అందు పాల్గొన్నవారు 44,742 మంది. గళ్ళలో చెదరియున్న సంఖ్యలను వరుస తప్పక, వేగముగా వెదకి పట్టుట వారి పని. ఈ ఆటను నాలుగు మారులు ఆడించిరి: అభ్యాసమునకు ఒకమారు, తొలి కొలతకు ఒకమారు, శిక్షణ పిమ్మట రెండు మారులు. చీటీలు వేసినట్లు అందరిని 13 జట్లుగా విభజించిరి. 12 జట్లకు మూడు విధముల శిక్షణ నొసగిరి: చేయబోవు పనిని మనస్సున చిత్రించుకొనుట, తనతో తాను మాటాడుకొని ధైర్యము చెప్పుకొనుట, "ఇట్లయినచో ఇట్లు చేయుదును" అని ముందే నిశ్చయించుకొనుట. 13వ జట్టునకు ఈ శిక్షణ లేదు. ఏ ఆటయైనను పలుమార్లు ఆడినచో కొంత మెరుగగును గదా! ఆ సహజమైన మెరుగును వేరుచేయుటకే ఈ జట్టు. తుదకు మొదటి రెండు పద్ధతులే ఎక్కువ ఫలించినట్లు తేలినది.

ఇట్టి ప్రయోగమున ప్రక్కన పరీక్షకుడుండడు. నియమములు చెప్పునది, కాలము కొలుచునది, ఫలితము చూపునది అంతయు తెరయే. కనుక తెర కూడ ఒక తక్కెడ. పాసంగమనగా నేమో మార్కెట్టు వర్తకులకు మేము చెప్పనక్కరలేదు. సరకు వేయకముందే ఒక తట్ట దిగియున్నచో, ఎంత నిజాయితీగా తూచినను తూకము తప్పును. తెరకును అట్టి పాసంగములు కలవు.

మొదటిది పరిమాణము. గురి చిన్నదైన కొలది, దూరమైన కొలది దానిని చేరుటకు చేతికి ఎక్కువ కాలము పట్టునని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ 1954లోనే నిరూపించెను. చిన్న ఫోనుపై గళ్ళు ఇరుకైనచో వ్రేలు ప్రక్క గడిపై పడును. ఆ తప్పు ఆడువానిది కాదు, గడిది. కావున గడి వ్రేలికి చాలునంత ఉండవలెను. ఆడినది ఫోనుపైననో కంప్యూటరుపైననో అదియును నమోదు కావలెను.

రెండవది రంగు. ఎరుపు, ఆకుపచ్చల భేదము తెలియనివారు, ముఖ్యముగా పురుషులలో, కలరు. ఒప్పును పచ్చరంగుతోను, తప్పును ఎరుపుతోను మాత్రమే సూచించినచో వారికి అన్యాయము జరుగును. రంగుతో పాటు ఒక గుర్తును ఉంచుట మేలు.

మూడవది సంఖ్యల స్థానము. ప్రతి ఆటకును సంఖ్యలు స్థానము మారవలెను. లేనిచో కొలువబడునది ఏకాగ్రత కాదు, జ్ఞాపకశక్తి.

నాలుగవది గడియారము. ఒత్తిడి కలిగించుటయే ఉద్దేశమైనప్పుడు పరుగెత్తు గడియారము కావలసినదే. కాని అది గళ్ళను కప్పరాదు. మాటిమాటికి మెరసి చూపును లాగరాదు. ఒత్తిడి మనస్సునకు తగులవలెనే గాని కంటికి అడ్డు రాకూడదు.

అన్నిటికంటె ముఖ్యము సమత్వము. ఒక జట్టునకు రంగుల బొమ్మలతోను, మరియొక జట్టునకు వట్టి అక్షరములతోను శిక్షణ ఇచ్చినచో, ఫలించినది శిక్షణయో బొమ్మయో ఎవరును చెప్పలేరు.

ఇంత విచారమేల యని కొందరడుగవచ్చును. ఒక బాలుడు ఫోనుపై ఇట్టి పరీక్ష నాడి, సంఖ్య కనబడక వెనుకబడినాడనుకొందము. "నీవు ఒత్తిడికి తాళలేవు" అని తెర తీర్పు చెప్పును. బాలుడు దానిని నమ్మును, తల్లిదండ్రులును నమ్ముదురు. మరునాటి నుండి మైదానమునకు పోవుట మానినను మానవచ్చును. తక్కెడ దోషము సరకునకు అంటగట్టుట యనిన ఇదియే.

పాఠకులు ఇంటివద్దనే దీనిని కొంత పరీక్షించుకొనవచ్చును. కాగితముపై 25 గళ్ళు గీసి, 1 నుండి 25 వరకు సంఖ్యలను చెదరగొట్టి వ్రాయుడు. ఇట్టివి నాలుగైదు వేర్వేరు కాగితములు సిద్ధపరచి, పిల్లలచే మొదట ఒంటరిగాను, పిదప ఇంటిల్లిపాది చూచుచుండగాను సంఖ్యలను వరుసగా తాకింపుడు. పట్టిన కాలమును వ్రాసికొనుడు. తరువాత "ఈమారు ఇంకను బాగుగా చేయగలను" అని తమకు తాము చెప్పుకొని మరల ఆడుమనుడు. ఇది వినోదమే గాని తీర్పు కాదు. బిడ్డ వెనుకబడినచో, వాని ధైర్యమును శంకించుటకు ముందు అంకెలు స్పష్టముగా వ్రాసితిమా, దీపపు వెలుతురు చాలినదా యని మనము చూచుకొనవలెను.