కారును ఆపేది ఏది?

మా పాత విద్యార్థి ఒకడు ఈమధ్య తన చిన్న కారులో మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, వచ్చే నెల అమ్మానాన్నలను తిరుమల తీసుకువెళుతున్నాను. దిగేటప్పుడు ఘాట్ రోడ్డు కదా! ఇప్పుడున్నవి తీసేసి పెద్ద బ్రేక్ డిస్కులు వేయిద్దామనుకుంటున్నాను. ఏమంటారు?" అన్నాడు. నేను వంగి అతని కారు టైర్లు చూశాను. ముందువి రెండూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "ఒరేయ్, మొదట ఇవి మార్చు" అన్నాను. బ్రేకుల సంగతి అడిగితే టైర్ల సంగతి చెబుతారేమిటి అన్నట్లు చూశాడు.

మీకూ ఆ సందేహం వచ్చిందా? ఇసుక పరచుకున్న రోడ్డు మీద సైకిలు బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. చక్రం తిరగడం ఆగిపోతుంది. సైకిలు మాత్రం ఆగదు, జర్రున జారుతుంది. అంటే బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ.

చిన్న లెక్క చేద్దాం. కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8, గురుత్వ త్వరణం 10 అనుకుందాం. వేగం వర్గాన్ని ఈ రెండింటి లబ్ధానికి రెట్టింపుతో భాగిస్తే కారు ఆగే దూరం వస్తుంది. 400ను 16తో భాగిస్తే 25 మీటర్లు. వాన కురిసి, టైర్లు అరిగి, ఘర్షణ గుణకం 0.4కు పడిపోతే అదే కారుకు 50 మీటర్లు కావాలి. ఈ లెక్కలో డిస్కు సైజు ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. మామూలు బ్రేకులు సరిగ్గా ఉంటే చక్రాలను బిగించేయడానికి అవే చాలు. ఆపైన ఎంత పెద్ద బ్రేకు పెట్టినా ఒక్క సారి ఆగే దూరం తగ్గదు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయిన ఏ.బి.ఎస్. కూడా చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, స్టీరింగు మన మాట వినేలా చేస్తుంది. లేని పట్టును అది పుట్టించలేదు.

మరి ఘాట్ రోడ్డు మాటేమిటి? అక్కడ సమస్య వేరు. అది వేడి సమస్య. 1000 కిలోల కారు సెకనుకు 20 మీటర్ల వేగం నుంచి ఆగితే 2 లక్షల జౌళ్ల గతిజశక్తి వేడిగా మారుతుంది. తిరుమల కొండ తిరుపతి కంటే సుమారు 700 మీటర్లు ఎత్తు. ఆ ఎత్తు నుంచి దిగితే స్థితిజశక్తి 70 లక్షల జౌళ్లు తగ్గుతుంది. అంటే 35 సార్లు గట్టిగా బ్రేకు వేసినంత! రెండున్నర లీటర్ల నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి ఆ వేడి చాలు. గాలి నిరోధం కొంత పంచుకున్నా, మిగతాది ఎక్కడికి పోవాలి?

పాస్కల్ సూత్రం మీరు చదివే ఉంటారు. పెడల్ మీద కాలు నొక్కితే ఆ పీడనాన్ని చక్రాల దాకా మోసుకుపోయేది ఒక ద్రవం. మెకానిక్కులు దీన్ని బ్రేక్ ఆయిల్ అంటారు గాని అది నూనె కాదు. దానికొక చెడ్డ గుణం ఉంది. గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నూటికి నాలుగు పాళ్ల లోపు నీరు చేరినా చాలు, ఆ హామీ 140 డిగ్రీలకు దిగిపోతుంది. కొండ దిగేటప్పుడు ఆ వేడికి ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలు పెడల్‌ను అడుగుదాకా తొక్కినా చక్రానికి ఆ కబురు అందదు. ఘాట్ రోడ్డులో ఇంతకంటే భయంకరమైన సంగతి లేదు. రెండేళ్లకోసారి ద్రవం మార్పించడానికి అయ్యే ఖర్చు డిస్కుల ఖర్చుతో పోలిస్తే ఎంత!

ఆ తరువాతి వంతు ప్యాడ్లది. అరిగితే మార్చాలి, అంతే. పందెపు కార్ల ప్యాడ్లు తెచ్చి బిగించే కుర్రవాళ్లున్నారు. అవి బాగా వేడెక్కాక గాని గట్టిగా పట్టవు. పొద్దున్నే వీధి మలుపులో పిల్లవాడు అడ్డం వస్తే అవి ఇంకా చల్లగానే ఉంటాయి కదా!

పెద్ద డిస్కులు పనికిరానివని నేననను. ఇనుము ఎక్కువైతే ఎక్కువ వేడిని దాచుకుంటుంది. పందెపు బాటలో మళ్లీ మళ్లీ బ్రేకు వేసేవారికి అది అవసరం. కాని వీధి కారులో ఆలోచించకుండా మారిస్తే ఒక ప్రమాదం ఉంది. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. అందుకే కంపెనీవారు లెక్క కట్టి ముందు బ్రేకులు బలంగా, వెనకవి తక్కువ బలంతో పెడతారు. ఆ లెక్క చెడి వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు బొంగరంలా తిరుగుతుంది.

ఇక పైసా ఖర్చు లేని బ్రేకు ఒకటుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు కావలసి వచ్చిందో దిగేటప్పుడూ అదే గేరు వేయాలి. యాక్సిలరేటరు మీద కాలు తీస్తే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. ఆ శ్రమలో స్థితిజశక్తి చాలా మటుకు ఖర్చవుతుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి.

మా వాడు టైర్లు మార్చాడు. బ్రేకు ద్రవం తీయిస్తే టీ డికాషన్ రంగులో వచ్చిందట. కొత్తది లేత పసుపు రంగులో ఉంటుంది. తిరుమల వెళ్లి వచ్చి నాకు లడ్డు ఇస్తూ, "రెండో గేరులోనే దిగాను మాస్టారూ, వెనక కారువాడు ఒకటే హారన్" అన్నాడు.