హక్కులు చెప్పే సంఘాలకు సర్కారు సాయం: రూలు పుస్తకానికే పరిమితం కారాదు

రాచర్ల: చట్టం ఎంత గట్టిదైనా, అది ఉన్నదని తెలియనివానికి అక్కరకు రాదు. ఆ సంగతి ఊరూరా చెప్పే స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వమే సాయం చేయాలన్న నిబంధన ఒకటున్నది.

1985 జులై 17న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగవు ముదిరి, ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ఇటువంటి ఘోరాలను అరికట్టేందుకు 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అది అమలులో ఉంది.

దీని కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడవది ముఖ్యమైనది. చైతన్య కేంద్రాలు నడిపే, సదస్సులు జరిపే స్వచ్ఛంద సంస్థలను రాష్ట్ర ప్రభుత్వం ప్రోత్సహించాలి, అవసరమైన ఆర్థిక సాయం ఇవ్వాలి. ఇంత ఇవ్వాలని మాత్రం అందులో లేదు. కనుక అడిగి రాబట్టుకోవలసిందే.

అడగడానికి వేదికలున్నాయి. చట్టం అమలును చూసే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. అది మూడు నెలలకొకసారైనా సమావేశం కావాలి. అందులో స్వచ్ఛంద సంస్థల వారికీ చోటున్నది. నెలనెలా అధికారులు గ్రామాల్లో జరపవలసిన పౌరహక్కుల దినం మరొకటి.

మండలంలోని సంఘాలు ఈ నిబంధన చూపి అర్జీ పెట్టుకోవాలి. వచ్చిన ప్రతి రూపాయి లెక్కా ఊరి ముందుంచాలి. అప్పుడే అధికారులను నిలదీసే హక్కు వారికి నిలుస్తుంది.