పలక తుడిచారా?

పాత లెక్క తుడవని పలక మీద కొత్త లెక్క కుదురుతుందా? కంప్యూటరూ అంతే. సెషన్ మూసేదాకా మనం పెట్టిన చరరాశులన్నీ దాని జ్ఞాపకంలోనే ఉంటాయి.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మన అనంతపురంలో, కరువు మండలాల ఎంపికకు వాన లోటు ముఖ్యమైన కొలమానం. కళ్యాణదుర్గం వర్షపాతాన్ని 'వాన' అనే పేరుతో దాచామనుకోండి. తర్వాత రాయదుర్గం అంకెలు ఎక్కించడం మరిచినా యంత్రం తప్పు చూపదు. పాత అంకెతోనే జవాబిచ్చేస్తుంది!

మాట్‌ల్యాబ్‌లో 'సీఎల్‌సీ' తెరను మాత్రమే తుడుస్తుంది. చరరాశులను తుడిచేది 'క్లియర్'. పైథాన్‌లో 'డెల్', ఆర్ భాషలో 'ఆర్ఎం' ఆ పని చేస్తాయి. అయితే 'ఆర్ఎం' వాడినా, ఎక్కించుకున్న ప్యాకేజీలు అలాగే ఉండిపోతాయి. అందుకే లెక్క అప్పజెప్పే ముందు సెషన్ మూసి, మళ్ళీ తెరిచి, మొదటి వరుస నుంచి నడపండి. అప్పుడు కూడా అదే జవాబు వస్తేనే నమ్మండి.